ఫోను కాలతందండి

రిటైరై ఏడాది దాటింది. నా కుడిచెయ్యి మాత్రం ఇంకా ఉద్యోగం మానలేదట. మా ఆయన చెబుతుంటారు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు నేను చెయ్యి చాపుతానట. అరచెయ్యి కాదు, మణికట్టు వెనకవైపు. దాన్ని దిండుకు ఆనించి కాసేపుంచి, "ఇది బాగానే ఉందండి, తీసుకెళ్ళండి" అంటానట. నాకవేవీ గుర్తుండవు, కల ఒక్కటే గుర్తుంటుంది. తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు కదలబోతూ ఉంటుంది. నా ఒళ్ళో సంచినిండా ఫోన్లు. అన్నీ గోరువెచ్చగా ఉంటాయి. ఏది ఎవరిదో కలలో కూడా నాకు తెలుసు.

మొబైల్ సర్వీసింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కొందరు నన్ను రాయమన్నారు. రాస్తున్నాను. నాకెన్ని ప్రమోషన్లు వచ్చాయో మీకనవసరం. వచ్చినవి రెండు. వాటివల్ల కుర్చీ మారింది గాని బుర్ర మారలేదు. బుర్ర మార్చినవాళ్ళు ముగ్గురు: ఒక ముక్కోపి యజమాని, రేపల్లె అవతల ఒక రొయ్యల రైతు, బాపట్లలో వినికిడి పోయిన ఒక తెలుగు టీచరు. ఈ ముగ్గురూ నాకు నేర్పింది ఒకటే విషయం, వేడి. ఫోను ఎందుకు వేడెక్కుతుంది, వేడెక్కకుండా ఏం చెయ్యాలి అన్నది. అంతకుమించి నాకేమీ రాదు, రాదని చెప్పుకోవడానికి సిగ్గూ లేదు.

మణికట్టు

డిప్లొమా చేతపట్టుకుని తెనాలిలో సుబ్బారావు గారి రేడియో, టీవీ రిపేరు షాపులో చేరాను. ఆడపిల్ల సోల్డరింగ్ ఐరన్ పట్టుకుందని రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళు. ఆయన వాళ్ళను తరిమేవారు కాదు. "చూడనీ విశాలాక్షీ, ఇవాళ చూడ్డానికొచ్చినోడు రేపు రేడియో తెస్తాడు" అనేవారు. మహా పిసినారి. కోపమొస్తే స్క్రూడ్రైవరు గిరాటేసి, మళ్ళీ ఆయనే వెతుక్కునేవారు. మెచ్చుకోవడం ఆయన ఇంటా వంటా లేదు.

కాని సెట్టు విప్పే ముందు ఆయన చేసే పని ఒకటుండేది. కాసేపు ఆన్ చేసి, వెనక్కి వెళ్ళి, మణికట్టు వెనకభాగాన్ని డబ్బాకు ఆనించి కళ్ళు మూసుకునేవారు. మొదట్లో దణ్ణం పెట్టుకుంటున్నారేమో అనుకున్నాను.

"ఏంటి మేష్టారూ, మీటరుందిగా?" అన్నాను ఒకరోజు.

"మీటరు ఎక్కడికీ పోదు. ముందు చెయ్యి పెట్టు. అరచెయ్యి కాదమ్మాయ్, అది పొయ్యి దగ్గరా ఐరన్ దగ్గరా కాలీ కాలీ మొద్దుబారి ఉంటది, అబద్ధం చెబుతది. పిల్లకి జ్వరం చూసేప్పుడు ఏం పెడతావ్? అది పెట్టు."

పెట్టాను. ఒక మూల ఎక్కువ వేడి, ఒక మూల తక్కువ.

"వేడి రోగం కాదు, కబురు. ఎవరు పంపారో చూడు" అన్నారాయన.

ఆ ముక్క అర్థమవడానికి నాకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది. ఆయన షాపు మూసేశాక ఒక మొబైల్ కంపెనీ సర్వీసు సెంటర్లో చేరాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా మీకొరిగేదేం లేదు. బుధవారం బాపట్లలో కౌంటరు, శుక్రవారం రేపల్లెలో. మిగతా రోజులు తెనాలి. రిపేరైన ఫోన్లను ఆన్ చేసే ఉంచి సంచిలో వేసుకుని రైలెక్కేదాన్ని. దారిలో అవి తిన్నగా ఉంటాయో లేదో చూడాలిగా. కిటికీలోంచి వరిచేల మీది గాలి. ఒళ్ళో సంచి పిల్లి పడుకున్నట్టు వెచ్చగా ఉండేది. నిద్రకూ మెలకువకూ మధ్య ఆ వెచ్చదనంలో ఎవరిదో ఒకరిది కాస్త ఎక్కువగా తగిలేది. కళ్ళు తెరవకుండానే దాన్ని పైకి తీసేదాన్ని. ఇరవయ్యేళ్ళు అలా నడిచింది. ఆ రైలు ప్రయాణాలు నిజంగా చేశానా, కలగన్నానా అని ఇప్పుడు ఒక్కోసారి అనుమానమొస్తుంది.

చెప్పానండి

మా వైపు మాట ఒకటుంది. ఏది వేడెక్కినా "కాలతంది" అంటాం. ఒళ్ళు కాలతంది, నేల కాలతంది, కాఫీ కాలతంది. అంచేత రోజుకు పదిమంది నాకు ఫోన్ చేసి "ఫోను కాలతందండి" అనేవాళ్ళు. వినీ వినీ ఆ మాటకు నా చెవి మొద్దుబారింది. మేష్టారి అరచెయ్యిలాగా.

అబ్బులు గారు రేపల్లె అవతల రొయ్యల చెరువులు చేసే రైతు. చెరువు గట్టున కెమెరాలు పెట్టించి, రొయ్యలకు ఊపిరాడేలా నీళ్ళల్లో గాలి కలిపే యంత్రాలు ఆగాయో లేదో ఫోనులో చూసుకుంటూ ఉండేవాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ బొమ్మలు నడుస్తూనే ఉండాలి, ఛార్జరు పెట్టే ఉండాలి. ఫోను కాస్త ఉబ్బినట్టుందని అంతకుముందు శుక్రవారమే చూపించాడు. రద్దీలో ఉండి, "వచ్చేవారం చూద్దాం లెండి" అన్నాను. అది నా మొదటి తప్పు.

రెండోది ఆ మంగళవారం మధ్యాహ్నం జరిగింది. తెనాలిలో పెరుగన్నంలో చెయ్యి పెట్టాను, ఫోను మోగింది. వాళ్ళావిడ నెంబరు నుంచి చేశాడు.

"మేడం గారూ, ఫోను కాలతందండి."

"ఈ ఎండల్లో ఎవరి ఫోను కాలట్లేదండీ? కవరు తీసి పక్కన పెట్టండి."

"మంచం మీద పెట్టానండి. అయినా గాని…"

"శుక్రవారం వస్తాగా. పట్టుకురండి." పెట్టేశాను. పెరుగన్నం తిన్నాను. ఆవకాయ ఊట కూడా వేసుకున్నాను, అదింకా గుర్తుంది.

ఆ మంచం మీద బొంత ఉంది. ఫోను పొగ చిమ్మి అంటుకుంది, దాంతో బొంత. ఇంటినిండా మనుషులు. అతను ఫోనును చేత్తో పట్టుకుని బయటికి విసిరేశాడు. శుక్రవారం రేపల్లె కౌంటరు దగ్గరికి చేతికి కట్టుతో వచ్చాడు. రెండు వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవని డాక్టరు చెప్పాడట. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టాలి కూడా. అతను కుర్చీలో కూర్చుని, కట్టువైపు చూసుకుంటూ మెల్లిగా అన్నాడు.

"చెప్పానండి, కాలతందని."

అంతే. నేనప్పుడు క్షమించమని కూడా అడగలేదు. ఫారం నింపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో నాకు తెలుసు, అయితే కాలినవి నా చేతులు కావు. మా ఇంట్లోవాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆ రోజు తిరుగు రైల్లో సంచి ఒళ్ళో పెట్టుకోలేకపోయాను, సీటు కింద పెట్టాను.

అప్పటినుంచి ఎవరు "కాలతంది" అన్నా ఒక ప్రశ్న అడిగేదాన్ని: "చేతికి కాలతందా, నిప్పుకి కాలతందా?" ముట్టుకుంటే వేడా, అంటుకునే వేడా అని. నవ్వేవాళ్ళు. నవ్వనీ. మీరూ అడగండి. ఫోను ఉబ్బినా, గుప్పుమని వాసనొచ్చినా, పొగ కనిపించినా ఆ ఫోను వాడేది కాదు, ఛార్జింగు పెట్టేది అసలే కాదు, నొక్కి చూసేది కాదు. బట్టలకు దూరంగా గచ్చు మీదనో ఇసకలోనో వదిలి మనుషులు అవతలికి పోవాలి. మిగతా మాటలు తర్వాత.

పొయ్యి ఒకచోట, సెగ ఒకచోట

చేతికి కాలేవాటి సంగతి వేరు. అవే నూటికి తొంభై.

ఒళ్ళు కాలుతోందంటే మనవాళ్ళకు గుర్తొచ్చేది తడిగుడ్డ. ఫోనుకూ వేసేస్తారు! నుదుటి మీద వేసినట్టు మడతపెట్టి మరీ వేస్తారు. ఒకావిడ జ్వరానికి వాడే యూడీకొలోన్ కూడా చల్లింది. ఇంకొంతమంది ఫ్రిజ్‌లో పెట్టేస్తారు, పాలగిన్నె పక్కన. వేడి ఫోనును చప్పున చలిలో పెడితే లోపల చెమ్మ పడుతుంది. చెమ్మ పడ్డాక ఫోనుకు వేడికంటే పెద్ద రోగం పట్టినట్టే. రోగమొకటి, మందొకటి.

వేడి చేతికి తెలిసేది బ్యాటరీ దగ్గర. పుట్టేది మాత్రం చాలాసార్లు ఫోను బుర్రలో. బుర్రకు పెద్ద లెక్క అప్పగిస్తే, అంటే గంటలకొద్దీ ఆటలూ, వీడియో ఎడిటింగులూ, మాటలు విని అక్షరాలు చేసే పనులూ ఇస్తే, అది కాగుతుంది. ఆ సెగ పక్కనున్న బ్యాటరీకి తగులుతుంది. అప్పుడే ఛార్జరు కూడా పెట్టారనుకోండి, గోరుచుట్టు మీద రోకటిపోటు. దానిపైన దళసరి కవరు, కవరు పైన ఎండ. ఇంకేముంది.

మా ఏరియా మేనేజరు ఒకాయన ఉండేవాడు. ఇంగ్లీషు ఎక్కువ, ఓపిక తక్కువ. వేడి ఫిర్యాదు వస్తే బ్యాటరీ మార్చండి, పంపించండి, మాట్లాడుతూ కూర్చోకండి అనేవాడు. నేను నోరు మూసుకుని మార్చాను. ఏళ్ళ తరబడి మార్చాను. పాత బ్యాటరీ అయితే సరే. కొత్త ఫోనుకు కూడా మార్చి, "బాగైపోయిందండి" అని అబద్ధమాడాను. ఆయన్ని తిట్టుకుంటే సరిపోదు, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కబురు తెచ్చినవాణ్ణి కొట్టి, పంపినవాణ్ణి వదిలేశాను.

తడి రుమాల్లో వచ్చిన ఫోను

ఒక బుధవారం, వేసవి ఒంటిపూట బళ్ళు మొదలైన రోజుల్లో, బాపట్ల కౌంటరుకు కుసుమ టీచరు వచ్చారు. ఏభై దాటిన మనిషి, ఇస్త్రీ నేతచీర. స్టీలు టిఫిన్ డబ్బా తీసి నా ముందు పెట్టి మూత తెరిచారు. అందులో తడి రుమాలు, రుమాల్లో ఫోను. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం పనండీ? చదువుకున్నవారు, ఇలా తడిగుడ్డ చుడతారా?"

ఆవిడ నా పెదాలవైపు చూసి, డబ్బాలోంచి ఫోను తీసి తుడిచి, తెర నావైపు తిప్పి, "ఇందులో చెప్పండి, నాకు వినపడదు" అన్నారు కాస్త గట్టిగా. షాపులో అందరూ తిరిగి చూశారు. నేను ఈసారి మెల్లిగా అదే ప్రశ్న అడిగాను. నా మాటలు తెరమీద అక్షరాలై పడ్డాయి.

తెర తనవైపు తిప్పుకుని చదివి నవ్వారు. "ఒళ్ళు కాలుతుంటే మరేం చుడతారండీ?"

రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి వినికిడి పోయిందట. చెవి మిషన్లు పని చెయ్యలేదు. బళ్ళో తెలుగు చెప్పే మనిషి. ఈ ఫోను పిల్లల మాటలు విని రాస్తుంటే, చదువుకుని జవాబు చెబుతూ నెట్టుకొస్తున్నారు. ఎండలు ముదిరాక పీరియడు సగంలో ఫోను వేడెక్కి, చల్లబడేదాకా పని చెయ్యనని ఆగిపోతోంది. హెడ్మాస్టరు మంచాయనేగాని భయస్తుడు. "పిల్లలు అడిగింది వినపడకపోతే ఎలాగండీ? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టవుతుంది. లైబ్రరీలో కూర్చోండి" అన్నాడట. ఆ మాట కూడా ఫోనే రాసి చూపించిందట ఆవిడకు. మూడు వారాల్లో పైనుంచి ఒక అధికారి వచ్చి ఆవిడ క్లాసు చూస్తారు. ఆ పీరియడులో ఫోను ఆగితే ఇక లైబ్రరీయే.

"పుస్తకాలంటే ఇష్టమేనండి," అన్నారు. "కాని అవి ప్రశ్నలడగవుగా."

నేనేం చేశానో ఊహించే ఉంటారు. బ్యాటరీ మార్చాను. "బాగైపోయిందండి" అన్నాను. తర్వాతి బుధవారం ఆవిడ మళ్ళీ వచ్చారు. ఫోను ఆగుతూనే ఉంది. కెమెరా అద్దం లోపల చెమ్మ కూడా పట్టింది. ఆవిడ తెర నావైపు తిప్పి ఎదురుచూశారు. నేనేం మాట్లాడితే అది అక్షరాలై పడుతుంది. ఆ తెరమీద అబద్ధం పడటం చూడలేకపోయాను.

"నేను మీ క్లాసుకు వస్తాను," అన్నాను.

ఆఖరి బెంచీ

సెలవు పెట్టి వెళ్ళాను. ఆఖరి బెంచీలో కూర్చున్నాను. సముద్రం గాలి కిటికీలోంచి వస్తోంది, పొద్దున్నే అయినా ఎండ చురుక్కుమంటోంది. ఫోను బల్లమీద కిటికీ పక్కన నిలబెట్టి ఉంది. మఖమల్ కవరు. వెనక పవర్ బ్యాంకు తగిలించి ఉంది. తెర వెలుగు పూర్తిగా పెంచి ఉంది. సరే, ఇవన్నీ నాకు తెలిసిన దొంగలే.

ఆవిడ పాఠం మొదలుపెట్టారు. ఏం చెప్పారని అడిగితే చెప్పలేను. చేపలు పట్టడానికి వెళ్ళినవాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్ళ పాఠం. ఆ గొంతు ఒకసారి పెద్దదై, ఒకసారి చిన్నదై, ఆటుపోట్లలా వస్తోంది. నేను రిపేరుకు వచ్చానన్న సంగతే మర్చిపోయాను. చిన్నప్పుడు నేనే ఆ బెంచీలో కూర్చున్నానేమో, ఈ నలభయ్యేళ్ళూ మధ్యలో పట్టిన కునుకేమో అనిపించింది. పిల్లలు కూడా కదలకుండా విన్నారు. ఇరవై నిమిషాలకు ఫోను ఆగింది. ఒక పిల్లవాడు ఏదో అడిగాడు. ఆవిడ తెరవైపు చూశారు, ఖాళీ. పిల్లవాడివైపు చూశారు. "ఏంటి నాన్నా?" అన్నారు. వాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ "ఏంటి?" వాడు సిగ్గుపడి కూర్చున్నాడు. ఆవిడ మొహం చూడలేక నేను ఫోను చూశాను.

అప్పుడు తట్టింది, నా మొహం, అంత తేలిక విషయం. ఆ ఇరవై నిమిషాల్లో పిల్లలు మాట్లాడింది రెండు నిమిషాలు. మిగతా పద్దెనిమిదీ ఫోను ఎవరి మాటలు విని రాసింది? ఆవిడవే! పాపం దాని బుర్ర కాగిందంతా ఆవిడకు ముందే తెలిసిన పాఠం రాయడానికి.

బెల్లు కొట్టాక, ఫోను చల్లబడ్డాక చెప్పాను. "మీరు మాట్లాడేటప్పుడు ఆపెయ్యండి. పిల్లలు మాట్లాడేటప్పుడే విననివ్వండి. మీ మాట మీకెందుకండీ?"

ఆవిడ చదివారు. ఫోను చేతిలోకి తీసుకున్నారు. వెళ్ళిపొమ్మంటారేమో అనుకున్నాను.

"నా గొంతు నాకు వినపడదుగా అమ్మా," అన్నారు. "ఆ అక్షరాలు పడుతుంటేనే మాట్లాడుతున్నానని నమ్మకం."

ఏం చెప్పమంటారు? తెలివితేటలు చూపించుకోవాలని నోరు తెరిచి ఆవిడ గొంతే లాక్కోబోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం నా భుజం తట్టి, కిటికీలోంచి ఆడుకుంటున్న పిల్లలవైపు చూస్తూ అన్నారు. "రెంటికీ చాలకపోతే వాళ్ళ మాటే ఉండనివ్వండి. నా సంగతి వాళ్ళు చూసుకుంటారు."

చూసుకున్నారు. గొంతు పెద్దదైతే పిల్లలు అరచెయ్యి కిందికి, చిన్నదైతే పైకి చూపించడం మొదలుపెట్టారు. నేను చెప్పలేదు, వాళ్ళే కనిపెట్టారు. నేను చేసినవి చిన్న పనులు. కవరు తీయించాను. పవర్ బ్యాంకు పాఠం నడుస్తుండగా వద్దన్నాను, విరామంలో ఛార్జింగు పెట్టుకుని ముప్పాతిక దాటాక తీసేయమన్నాను. తెర నల్లగా చేసి, అక్షరాలు తెల్లగా, పెద్దవి చేశాను. వెలుగు తగ్గించాను. అక్షరాలు చేసే పని ఫోను లోపలే జరుగుతుంది గనుక క్లాసులో నెట్టు కట్టేయమన్నాను. బల్ల కిటికీ దగ్గర్నుంచి గోడవైపు జరిపించాను. మా ఇంట్లో తాంబూలాల ఇత్తడి పళ్ళేలు రెండు తెచ్చిచ్చాను. పొడి పళ్ళెంలో ఫోను పడుకోబెడితే వేడి పళ్ళేనికి పాకుతుంది. మంత్రమేం కాదు, పళ్ళెం కూడా వెచ్చబడుతుంది. అప్పుడు రెండోది మార్చాలి. మాట్లాడాలనుకున్నవాళ్ళు పళ్ళెం దగ్గరికొచ్చి, తెరమీద మీట నొక్కి, టీచరువైపు మొహం పెట్టి నిదానంగా మాట్లాడాలి. మాట అయ్యాక మీట మళ్ళీ నొక్కాలి.

రెండు నిమిషాలు

అధికారి వచ్చిన రోజు బుధవారమే. కౌంటరు తాళం వేసేసి బడి వరండాలో నిలబడ్డాను.

పాఠం బాగానే సాగింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు, అడిగారు, వెళ్ళారు. అరగంట దాటినా ఫోను ఆగలేదు. అప్పుడు అధికారి లేచి పళ్ళెం దగ్గరికొచ్చి మీట నొక్కి మాట్లాడటం మొదలుపెట్టారు. అబ్బో, ఆయనకు మాట్లాడటమంటే ఎంత ఇష్టమో! విద్య గురించి, క్రమశిక్షణ గురించి, ఆయన చదువుకున్న బడి గురించి, ఎండల గురించి. ఆపరే! అది నిమిషాలకొద్దీ రాస్తూనే ఉంది. నాకు తెలుసు, ఇంకొంచెం సాగితే ఆగిపోతుంది. లోపలికి వెళ్ళి చెప్పడానికి నేనెవర్ని?

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. పళ్ళెం దగ్గరికెళ్ళి మణికట్టు వెనకభాగాన్ని ఫోనుకు ఆనించింది. ఎక్కడ చూసిందో, నా దగ్గరే చూసి ఉంటుంది.

"సార్, చేతికి కాలతందండి. కాసేపాగండి," అంటూ మీట నొక్కేసింది.

హెడ్మాస్టరుకు చెమటలు పట్టాయి. అధికారి నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. ఆ అమ్మాయి ఫోను తీసి రెండో పళ్ళెంలో పెట్టి, వెళ్ళి కూర్చుంది. గది మొత్తం ఎదురుచూసింది. ఫ్యాను చప్పుడు, బయట ఒక కాకి, సముద్రం గాలి. ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉన్నాయంటే, నాకిప్పటికీ అవి పూర్తవలేదేమో అనిపిస్తుంది. అంతసేపూ గదిలో మాటన్నది ఆవిడకు వినపడనట్టే మాకూ వినపడలేదు. అందరం సమానమయ్యాం.

తర్వాత అధికారే వచ్చారు. టీచరు ఎదురుగా నిలబడి, మీట నొక్కి, ఈసారి ఒకే ఒక్క వాక్యం, నిదానంగా అన్నారు.

"మీకేం కావాలమ్మా?"

ఆవిడ తెర చదివి, "ఈ గది చాలండి" అన్నారు. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. తగ్గించమని పిల్లల్లో ఒక్కరు కూడా అరచెయ్యి కిందికి చూపలేదు.

లైబ్రరీ మాట మళ్ళీ రాలేదు.

చల్లగా ఉంది

నా ఆఖరి బుధవారం కౌంటరు సర్దుకుంటుంటే కుసుమ టీచరు వచ్చారు. ఇత్తడి పళ్ళేలు తోమి తెచ్చారు. "పిల్లలు ఇంటినుంచి వేరేవి తెచ్చారు, ఇవి మీవి" అన్నారు. షాపులో ఎవరూ లేరు. బల్లమీద పళ్ళెం పెట్టి, అందులో ఫోను పెట్టి, మీట నొక్కి నా ఎదురుగా కూర్చున్నారు. మామూలు మాటలు చెబుదామనుకున్నాను. రైలు వేళయిందని చెబుదామనుకున్నాను. నా నోట్లోంచి అబ్బులు గారి సంగతి వచ్చింది.

మొదటిసారి చెప్పాను. ఉబ్బిన ఫోను, పెరుగన్నం, బొంత, రెండు వేళ్ళు. ఆ మధ్యాహ్నం నేను విననిదంతా ఆ తెరమీద ఒక్కొక్క అక్షరమై పడుతుంటే, వినపడని మనిషి ఒక్క ముక్క కూడా వదలకుండా చదివారు. చివరికి అతని మాట చెప్పాను, అతను అన్నట్టే. "చెప్పానండి, కాలతందని." ఫోనుకు మా యాస రాదు. "కాలుతుందని" అని రాసింది. ఆ మాటను రెండుసార్లు చదివాను. నిజమే, అతను ఆ రోజు చెప్పింది వేడి గురించి కాదు, కాలబోతుందని చెప్పాడు. నాకు రెండు చెవులుండీ వినలేదు.

తెరమీద ఇంకే అక్షరమూ పడలేదు. రైలు వేళ దాటిపోతోందని తెలుస్తూనే ఉంది.

కుసుమ టీచరు నన్ను ఓదార్చలేదు. మీ తప్పేం లేదని కూడా అనలేదు. చెయ్యి చాపి, మణికట్టు వెనకభాగాన్ని ఫోనుకు ఆనించి, కాసేపు అలాగే ఉంచారు.

"చల్లగానే ఉందమ్మా," అన్నారు. "ఇంకా చెప్పండి."